ప్రసన్నకుమారి మింగని మాత్రలు

పక్కింటావిడ మెడలో కొత్త గొలుసు చూసి కుళ్ళుకునే ఆడవాళ్ళను నేను వందమందిని చూశాను. చీర చూసి, ఫ్రిజ్ చూసి, అల్లుణ్ణి చూసి కుళ్ళుకునేవాళ్ళను వెయ్యిమందిని చూశాను. కానీ పక్కింటావిడకు వచ్చిన జ్వరం చూసి కుళ్ళుకునే మనిషిని మాత్రం ఈ భూమ్మీద ఒక్కర్తినే చూశాను. ఆవిడే మా ప్రసన్నకుమారి.

మాది మండవల్లి దాటాక కొల్లేరు అంచున ఊరు. బస్సు ఆగేచోట నాదో చిన్న కొట్టు. టీ, బిస్కెట్లు, బ్రెడ్డు, బత్తాయిలు. కొట్టుకు ఎదురుగా ఒకే గోడకు అటొకటి, ఇటొకటి రెండిళ్ళు. ఒకదాంట్లో సువార్తమ్మ, రెండోదాంట్లో ప్రసన్నకుమారి. ఇద్దరూ తోడికోడళ్ళు, సువార్తమ్మ పెద్దది. నేను ఏడో తరగతితో చదువు మానేశాను గానీ, మా ఊళ్ళో ఎవరికి ఎన్ని డిగ్రీల జ్వరం కాసిందో పెద్దాసుపత్రి డాక్టర్ల కంటే నాకే ముందు తెలుస్తుంది. జబ్బుమనిషిని చూడ్డానికి ఎవరూ ఉత్తిచేతులతో వెళ్ళరు కదా. ఒక బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు పట్టుకెళ్ళాలి. కొట్లో ఎన్ని బ్రెడ్లు పోతే అది అంత పెద్ద జబ్బన్నమాట.

ప్రసన్నకుమారికి ఈ కుళ్ళు పెళ్ళయిన నెలకే పుట్టింది. ఉండి అనే ఊరి నుంచి కొత్తకోడలిగా వచ్చింది. చుట్టాలంతా వచ్చి ఆవిణ్ణి చూసి మురిసిపోవాల్సిన నెల అది. సరిగ్గా అప్పుడే సువార్తమ్మకు టైఫాయిడ్ వచ్చింది. రోజుకో మెట్టు ఎక్కే జ్వరం, నాలుక మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర, కడుపులో నొప్పి, అన్నం చూస్తే వాంతి. చెరువు నీళ్ళు కాచుకోకుండా తాగితే వచ్చే జబ్బది. ఆ చెరువు నీళ్ళే ప్రసన్నకుమారి కూడా తాగింది. ఆవిడకు కనీసం తుమ్ము కూడా రాలేదు. వచ్చిన చుట్టాలంతా కొత్తకోడలి చేత కాఫీలు పెట్టించుకుని, సువార్తమ్మ మంచం చుట్టూ కూర్చుని తాగి వెళ్ళారు. కొత్తకోడలు ఏ రంగు చీర కట్టిందో కూడా ఎవరూ చూడలేదు. నేను చూశాను. గులాబీ రంగు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు సువార్తమ్మకే కామెర్లు వచ్చాయి. అవీ నీళ్ళవల్లే. కళ్ళు పసుపుకొమ్ముల్లా అయిపోయాయి, మూత్రం టీ డికాషన్ రంగుకు తిరిగింది, మనిషి మంచం మీద కనబడకుండా పోయింది. పాస్టరుగారు ఇంటికొచ్చి ముప్పావుగంట ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకుంటే ప్రసన్నకుమారి ఒక్కతే కళ్ళు తెరుచుకుని గోడ గడియారం చూస్తోంది. నేనూ తెరుచుకునే ఉన్నాను కాబట్టి చూశాను. మరుసటి ఆదివారం చర్చిలో లేచి నిలబడి తనకూ తలనొప్పిగా ఉందని ప్రార్థన అడిగింది. పాస్టరుగారు తలనొప్పులు, నడుంనొప్పులు, కీళ్ళనొప్పులతో బాధపడేవారందరినీ కలిపి ఒక్క ముక్కలో దేవుడికి అప్పగించేశారు. ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ అన్నం తినలేదు.

ఇంక చికున్‌గున్యా సంగతి. 2006లో అది వచ్చినప్పుడు మా వీధిలో నిటారుగా నడిచిన మనిషి లేడు. మూడ్రోజులు జ్వరం, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, ఆ తర్వాత కీళ్ళన్నీ తుప్పుపట్టిన గేటులా అయిపోవడం. లారీ డ్రైవర్లు కూడా నడుం వంచి నడుస్తుంటే ఊరు ఊరంతా కింద పడిపోయిన సూది వెతుకుతున్నట్టుండేది. అది మంచినీళ్ళలో పుట్టే దోమ వల్ల వస్తుందని, పగలే కుడుతుందని చెప్పడానికి ఏఎన్ఎం రాజరాజేశ్వరిగారు ఇల్లిల్లూ తిరిగారు. ఊళ్ళో ఆవిణ్ణి అందరూ నర్సమ్మగారంటారు. మా ఊళ్ళో చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి చుక్క ఉండదు. ట్యాంకరు వచ్చినప్పుడు పట్టి దాచుకోవాల్సిందే. సువార్తమ్మ ఒక డ్రమ్ము పెట్టుకుందని ప్రసన్నకుమారి రెండు డ్రమ్ములు పెట్టింది. మూతలు మాత్రం పెట్టలేదు. నర్సమ్మగారు టార్చి వేసి చూస్తే ఆ రెండు డ్రమ్ముల్లోనూ దోమపిల్లలు ఈదుతున్నాయి.

జబ్బు మాత్రం సువార్తమ్మకు వచ్చింది.

"డ్రమ్ము నాదే, నీళ్ళూ నావే," అని ప్రసన్నకుమారి నా కొట్టు ముందు కూర్చుని వాపోయింది. "నా ఇంట్లో పుట్టిన దోమ నన్ను వదిలేసి, గోడ దూకిపోయి అక్కని కుట్టింది చూశారా వదినా."

ఇదీ ప్రసన్నకుమారి జీవితం. భర్త క్రీస్తుదాసు చేపల చెరువు మీద కాపలా. నెమ్మదైన మనిషి. కొడుకు సుకుమార్ కైకలూరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వాడికి 2008లో మంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు మెర్సీ, ఉంగుటూరు దగ్గర బళ్ళో టీచరు. తండ్రి అహరోను మేస్టారు రిటైరైన మనిషి. ఒకసారి వచ్చి కుర్రాణ్ణి చూసి ఇష్టపడ్డారు. కట్నకానుకల మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగారు. ఇంట్లో ఎవరికైనా బోదకాలు ఉందా అని. ఆయన తల్లికి ఉండేదట. ఏనుగు కాలంత కాలును చిన్నప్పుడు ఆయనే కడిగి, తుడిచి, గుడ్డ చుట్టేవారట. అది ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుందని ఆయన గట్టి నమ్మకం. తన పిల్లను అలాంటి ఇంటికి పంపనని ముందే చెప్పేశారు.

"మా ఇంట్లో ఎవరికీ లేదండి మేస్టారూ," అంది ప్రసన్నకుమారి. అది నిజమే. సువార్తమ్మ పెద్దకోడలు ఏలూరు ఆసుపత్రిలో నర్సు. తనకు టీచరు కోడలు వస్తే చాలు, పాతికేళ్ళ బాకీ తీరిపోతుందని ప్రసన్నకుమారి ఆశ. రాత్రీ పగలూ ఆ పిల్ల జపమే.

సరిగ్గా ఆ నవంబరులోనే బోదవ్యాధి మాత్రల రోజు వచ్చింది. ఏడాదికోసారి ఊరందరికీ మింగించే మాత్రలు. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. జబ్బున్నా లేకపోయినా మింగాల్సిందే. సువార్తమ్మ నర్సమ్మగారి ఎదురుగానే గుటుక్కున మింగింది. గోడకు ఇవతల ప్రసన్నకుమారి చెయ్యి చాపి తీసుకుంది.

"నోట్లో వేసుకోండమ్మా, నేను చూడాలి," అన్నారు నర్సమ్మగారు.

"ఇంకా అన్నం తినలేదండి. తినగానే వేసుకుంటానండి."

"మర్చిపోకండేం."

"అయ్యో, ఎందుకు మర్చిపోతానండి," అని నాలుగు మాత్రలూ కొంగున ముడేసుకుంది. ఒంట్లో ఏమీ లేనివాళ్ళకు మందెందుకని ఆవిడ లెక్క.

సాయంత్రానికి సువార్తమ్మకు జ్వరం, తలతిప్పు, ఒళ్ళునొప్పులు. అలవాటు ప్రకారం జనం రావడం మొదలెట్టారు. చీకటి పడేసరికి నా కొట్లో తొమ్మిది బ్రెడ్లు పోయాయి. అందరికీ తెలియాలని పదిహేడని చెప్పాను. కాసేపటికి క్రీస్తుదాసు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏం కావాలి తమ్ముడూ?"

"ఏం వద్దండి. వదినగారింటికి ఎన్ని బ్రెడ్లు వెళ్ళాయో కనుక్కు రమ్మందండి."

"పదిహేడని చెప్పు."

"తొమ్మిదని చెబుతానండి. పదిహేడంటే తట్టుకోలేదు," అని వెళ్ళిపోయాడు.

తొమ్మిదన్నా తట్టుకోలేకపోయింది. తెల్లారేసరికి ప్రసన్నకుమారి దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. నేను వెళ్ళి చూశాను. థర్మామీటరు నూట ఆరు చూపిస్తోంది. మంచం పక్కన టీ గ్లాసు పొగలు కక్కుతోంది. మనిషి నుదురు మాత్రం చల్లగా బత్తాయిలా ఉంది. నాకు అనుమానం రాలేదని చెప్పను గానీ, జ్వరం అంత పెద్దదైనప్పుడు నుదురు గురించి ఎవరాలోచిస్తారు. పాస్టరుగారు వచ్చారు. పదకొండు బ్రెడ్లు పోయాయి. గోడకు అవతల సువార్తమ్మ జ్వరంలోనే అడిగిందట, "దాని దగ్గరికి ఎంతమంది వచ్చారే?" అని.

మరునాడు నర్సమ్మగారు వచ్చి సువార్తమ్మ అరుగు మీద కూర్చున్నారు. వీధంతా చేరింది.

"భయపడకండి. మాత్ర వల్ల జబ్బు రాలేదు. లోపలున్న జబ్బు మీద మాత్ర పనిచేసింది," అన్నారు. "రక్తంలో సన్న పురుగులుంటాయి. దారం కంటే సన్నం. అవి చస్తుంటే జ్వరం వస్తుంది. రెండ్రోజుల్లో పోతుంది. ఏమీ లేనివాళ్ళకి ఇలా రాదు."

"అంటే జ్వరం వచ్చినవాళ్ళకి బోదకాలు ఉన్నట్టేనా అండి?" అన్నాను నేను.

"కాలు వాచేదాకా రాకుండానే ఆపామన్నమాట. మురుగునీళ్ళలో పుట్టే దోమ ఒకరిని కుట్టి ఇంకొకరిని కుడితే వస్తుందిది. ఏళ్ళ తరబడి లోపలే దాక్కుంటుంది. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ళలు కడతాయి, చలిజ్వరాలొస్తాయి, చివరికి కాలు వాస్తుంది. తల్లి నుంచి బిడ్డకి రాదు. ముట్టుకుంటే రాదు."

గోడకు అవతల మంచంలో ప్రసన్నకుమారి మూలుగు ఠక్కున ఆగిపోయింది. వింటున్న నాకు నవ్వొచ్చింది. ఆవిడకు మాత్రం ఆ క్షణంలో అహరోను మేస్టారు గుర్తొచ్చి ఉంటారు. దుప్పటి తీసేసి లేచి ఇల్లు ఊడ్చింది. కానీ పదకొండు బ్రెడ్లు తిరిగి కొట్లోకి రావు కదా.

గురువారం నాడు బస్సు దిగి అహరోను మేస్టారే స్వయంగా నా కొట్టు ముందు నిలబడ్డారు. పెళ్ళి తారీకు మాట్లాడదామని వచ్చారు. టీ అడిగారు.

"క్రీస్తుదాసు గారింట్లో అందరూ కులాసానా అండి?"

ఇక్కడే నేను నోరు మూసుకోవాల్సింది. కానీ అడిగింది జ్వరం గురించి. అడిగింది నన్ను.

"ఏం కులాసా అండి మేస్టారూ. బోదవ్యాధి మాత్రలు మింగాక ఆవిడకి నూట ఎనిమిది కాసిందండి. మంచం ఊగిపోయింది. ఊరు ఊరంతా బ్రెడ్లతో వెళ్ళి చూసింది," అన్నాను. థర్మామీటరు మీద అంతకంటే పైన గీతలు లేవు కాబట్టి నూట ఎనిమిది దగ్గర ఆగాను.

ఆయన టీ గ్లాసు సగంలోనే కింద పెట్టారు. "మాత్రలు మింగాకనా అండి?" అని మళ్ళీ అడిగి, వచ్చిన బస్సు కైకలూరు నుంచి తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుని, ఎదురింటి గడప తొక్కకుండానే ఎక్కి వెళ్ళిపోయారు. రాత్రికి సుకుమార్‌కు ఫోన్ వచ్చింది. కొట్టు దగ్గర మీ అమ్మగారి జ్వరం సంగతి విన్నామని, ఆలోచించుకుని చెబుతామని.

మర్నాడు పొద్దున్నే ప్రసన్నకుమారి నా కొట్టుకు వచ్చింది. కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. మూడు చిన్న మాత్రలు, ఒక పెద్దది.

"చూడండి వదినా. నాలుగూ ఉన్నాయి. నేను మింగలేదు. నాకు జ్వరం రాలేదు."

"మరి నూట ఆరు?"

"టీలో పెట్టాను."

"అయ్యో ప్రసన్నా, ఎందుకే తల్లీ?"

"తొమ్మిది బ్రెడ్లండి," అంది. కళ్ళు తుడుచుకుంది. "మేస్టారికి చెప్పండి, అబద్ధమని. చెప్పింది మీరే కదా."

నేను చెబితే నమ్ముతారా ఎవరైనా. నా సంగతి మూడు మండలాలకూ తెలుసు. అందుకని ఇద్దరం నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు చీవాట్లు పెట్టారు, తర్వాత దారి చూపించారు. శనివారం పక్క ఊళ్ళో రక్తపరీక్షలు చేస్తారట. ఆ పురుగులు పగలు దాక్కుని రాత్రిపూట మాత్రమే రక్తంలోకి వస్తాయి కాబట్టి తొమ్మిది దాటాకే చుక్క తీస్తారట. ఏమీ లేదని కాగితం వస్తే మేస్టారికి చూపించుకోవచ్చు.

శనివారం రాత్రి ప్రసన్నకుమారి ఆటో ఎక్కుతుంటే సువార్తమ్మ కూడా శాలువా కప్పుకుని వచ్చి ఎక్కింది.

"ఒక్కదానివే ఎలా వెడతావే. నేనూ చేయించుకుంటాను."

ప్రసన్నకుమారి నా వైపు తిరిగి గొణిగింది. "చూశారా. నా రక్తపరీక్షకి కూడా పోటీయే."

ఇద్దరి వేళ్ళ మీదా సూదులు గుచ్చారు. వారం తిరిగాక, మళ్ళీ శనివారం పొద్దున నర్సమ్మగారు రెండు కాగితాలు తెచ్చారు. మాత్రలు మింగిన సువార్తమ్మ రక్తంలో ఏమీ లేదు. మాత్రలు కొంగున కట్టుకున్న ప్రసన్నకుమారి రక్తంలో పురుగులున్నాయి.

ప్రసన్నకుమారి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. పాతికేళ్ళుగా ఎదురుచూసిన రోజు. సువార్తమ్మకు లేనిది, తనకు ఉన్నది. ఊరంతా పిలిచి చెప్పుకోవాల్సిన జబ్బు. చెబితే కొడుకు పెళ్ళి పోతుంది.

"పన్నెండు రోజులు మింగితే పోతుందండి," అన్నారు నర్సమ్మగారు. "కాలు వాయలేదు, ఏమీ కాలేదు. కానీ ఈసారి నా ఎదురుగా మింగాలి." మింగించి, నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి మరీ చూశారు.

ఆ సాయంత్రమే సుకుమార్‌కు ఫోన్ వచ్చింది. మెర్సీ పట్టుబట్టిందట. ఒకసారి చూసి మాట్లాడి తేల్చుకుందామని ఆదివారం చర్చి అయ్యాక తండ్రీ కూతుళ్ళిద్దరూ వస్తున్నారు.

ఆదివారం తెల్లవారేసరికి ప్రసన్నకుమారికి జ్వరం వచ్చింది. నిజం జ్వరం. టీ గ్లాసు అక్కర్లేని జ్వరం. పళ్ళు టకటకలాడుతున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోతోంది. కానీ ఒక్క మాట అంటే ఒట్టు. తలస్నానం చేసి, గులాబీ రంగు చీర కట్టి, కోడి కూర వండి, ముఖానికి పౌడరు రాసుకుని కూర్చుంది. సువార్తమ్మ గోడ మీదుగా ఒక్కసారి చూసింది. జ్వరాల్లో ఆరితేరిన మనిషి కదా, ఇట్టే పట్టేసింది. వచ్చి వంటింట్లో గిన్నెలు తోమడం మొదలెట్టింది.

"నువ్వెళ్ళి కూర్చోవే. టీలు నేనిస్తాను."

"నా కోడలికి టీ నేనే ఇస్తానక్కా. ఆ ఒక్కటీ నువ్వు లాక్కోకు."

నేను కొట్టు మూసేసి వాళ్ళ గుమ్మంలో చేరాను. అహరోను మేస్టారు కుర్చీ అంచున కూర్చున్నారు. మెర్సీ తల దించుకుని కాదు, చుట్టూ చూస్తూ కూర్చుంది. ప్రసన్నకుమారి టీ అందించింది. గ్లాసు తీసుకోవడంలో మెర్సీ వేళ్ళు ఆవిడ చేతికి తగిలాయి.

"అత్తయ్యగారూ, మీ చెయ్యి కాలిపోతోందండి."

"పొయ్యి దగ్గర్నించి వచ్చిందమ్మా," అంది సువార్తమ్మ వంటింట్లోంచి.

మేస్టారు తలెత్తి చూశారు. ప్రసన్నకుమారి జాకెట్లోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"మేస్టారూ, మీరు విన్న జ్వరం అబద్ధమండి. మా అక్కకి జ్వరమొస్తే జనం వచ్చారని నేను నటించాను. అప్పుడు మాత్రలు కూడా మింగలేదు. ఈ జ్వరం మాత్రం నిజమండి. నిన్న మింగాను. ఇదిగో రిపోర్టు. ఉంది నాకు. పన్నెండు రోజులు మింగితే పోతుందట, పిల్లలకి రాదట. ఇంక మీ ఇష్టమండి."

మేస్టారు కాగితం తీసి, కళ్ళజోడు పెట్టి, ముద్రతో సహా చదివారు. చదివిందే మళ్ళీ చదువుతున్నారు. నేను సుకుమార్ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు మెర్సీ గ్లాసు కింద పెట్టింది.

"నాన్నగారూ, మాత్రల రోజున మా బళ్ళో పిల్లలందరికీ మింగించింది నేనే కదండి. వాళ్ళు మింగాలని ముందు నేను మింగాను. ఆ రాత్రి నాకూ జ్వరం వచ్చిందండి."

"నీకా?"

"ఆయ్, రెండ్రోజులు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని తలుపేసుకున్నాను కదండి. అప్పుడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు నాన్నమ్మ కాలు గుర్తొస్తుందని."

మేస్టారు కళ్ళజోడు తీశారు. కూతురి పాదాల వంక చూశారు. ఆయన మనసులో ఏం నడిచిందో నాకు తెలియదు. తెలియనిది నాకు ఇదొక్కటే. లేచి చెప్పులేసుకున్నారు. వెళ్ళిపోతున్నారనుకుని ప్రసన్నకుమారి గోడకు ఆనుకుంది. ఆయన గుమ్మం దగ్గర నా ముందు ఆగారు.

"ఏవండీ, మీ కొట్టు తీసే ఉందా?"

"తీస్తానండి. ఏం కావాలండి?"

"ఒక బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు ఇవ్వండి. జబ్బు మనిషిని చూడ్డానికి ఉత్తిచేతులతో వచ్చేశాం."

పరిగెత్తుకెళ్ళి పెద్ద బ్రెడ్డు తెచ్చాను. ఆయన దాన్ని తన చేత్తోనే ప్రసన్నకుమారికి ఇచ్చారు. ఆవిడ తీసుకుని, మంచం మీద కూర్చుని, పాతికేళ్ళ జ్వరాలకూ కలిపి ఏడ్చింది. మెర్సీ తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసి పక్కనే కూర్చుంది. సాయంత్రం బస్సుకు కూడా లేవలేదు. ఆఖరి బస్సుకు వెళ్ళారు. జనవరి చివర్లో పెళ్ళి అనుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక నేను కొట్టు సర్దుకుంటుంటే సువార్తమ్మ వచ్చింది. ముఖం ముడుచుకుని ఉంది.

"ఒక బ్రెడ్డు ఇవ్వండి వదినా. మా ప్రసన్నకి."

"పెద్దదా, చిన్నదా?"

సువార్తమ్మ ఎదురింటి వైపు చూసింది. కిటికీలోంచి ప్రసన్నకుమారి నుదుటి మీద టీచరుగారు వేసిన తడిగుడ్డ అలాగే కనబడుతోంది. తీసేయమని ఎవరు చెప్పినా ఆవిడ తీయనివ్వలేదట.

"నా కోడలు నర్సు," అంది సువార్తమ్మ. "అయినా నాకు ఎప్పుడైనా తడిగుడ్డ వేసిందా?"

"వెయ్యలేదులే."

"చిన్నది ఇవ్వండి," అంది.